ఆ మాత్రల సీసా నాది

అక్క పోయిందన్న కబురు ఫోన్లో వచ్చింది. చేసింది ఆమె తమ్ముడు. "మా అక్క తెల్లవారుజామున పోయింది. నీ నంబరు కాయితం మీద రాసి పెట్టింది. చెప్పమన్నింది, చెప్తుండా" అని పెట్టేశాడు. ఆ గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. చాలాకాలం మోసిన మూట దించినవాడి గొంతులా ఉంది. నేను తప్పు పట్టలేదు. నాకూ ఏడుపు రాలేదు. మిషను మీద ఉన్న జాకెట్టుకు రెండో చెయ్యి కూడా అతికించి, దారం తెంపి, అప్పుడు లేచాను.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు. తొమ్మిదేళ్ళ కిందట గూడూరు దగ్గర ఒక రొయ్యల కంపెనీలో నా పక్కన నిలబడి రొయ్యలు ఒలిచిన మనిషి. పులికాట్ ఒడ్డున, దొరవారిసత్రం అవతల, చేపలు పట్టుకునే పల్లె ఆమెది. నాది నెల్లూరు అవతల సంగం. మా వాళ్ళు ఆదివారం చర్చికి పోతారు, ఆమె వాళ్ళు గంగమ్మకు పొంగలి పెడతారు. మామూలుగా అయితే మేమిద్దరం కలిసే పనే లేదు.

నేను అక్కడికి ఎందుకు వచ్చానో చెప్పాలి. నా భర్త మద్రాసులో సెంట్రింగ్ పని చేసేవాడు. నేనూ రెండేళ్ళు ఆయనతో పాటు అక్కడి రేకుల షెడ్డులో ఉన్నాను. కడుపుతో ఉన్నప్పుడు రక్తపరీక్ష చేసి నాకు హెచ్ఐవి ఉందన్నారు. ఆయన్ని కూడా పరీక్షకు తీసుకురమ్మన్నారు. ఆ మాట ఇంట్లో చెప్పినందుకు కొట్టాడు. "ఎవుడి దగ్గర తెచ్చినావు?" అని అడుగుతూ కొట్టాడు. నాకు తెలిసిన మగవాడు ఆయనొక్కడే. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఆ దెబ్బలకు బిడ్డ నిలవలేదు. పుట్టింటికి వస్తే మా వదిన నా గ్లాసు వేరుగా పెట్టింది. అమ్మ అది చూసి తల దించుకుంది. రొయ్యల కంపెనీలో ఆడవాళ్ళు కావాలంట, ఉండడానికి హాస్టలు కూడా ఇస్తారంట అని ఎవరో అంటే, రెండు చీరలు సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

ఒలిచే హాల్లో రోజంతా ఐసు నీళ్ళలో చేతులు. శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి వచ్చిన ఆడవాళ్ళు మా చుట్టూ. అక్క ఎడమ చేత్తో ఒలిచేది, అయినా మా అందరికంటే ముందే ఆమె టబ్బు నిండేది. కుడి మణికట్టు వంకరగా అతుక్కుని ఉండేది. ఎందుకని ఎవరైనా అడిగితే జారిపడ్డానని చెప్పేది.

చేరిన నెలకు సెలవు పెట్టి మాత్రల కోసం నెల్లూరు పోయాను. హెచ్ఐవి మాత్రలిచ్చే ఏఆర్‌టీ సెంటరు దగ్గర వరుసలో నిలబడితే నా ముందు ఆ వంకర మణికట్టు కనిపించింది. ఆమె నన్ను చూసింది, పలకరించలేదు. తిరుగు రైల్లో మాత్రం వచ్చి నా ఎదురుగా కూర్చుంది. కాసేపు కిటికీలోంచి చూసి, "సీసా కదిలితే చప్పుడవతాది మే. లోపల దూది పెట్టు. పైన కాయితం గీకెయ్" అంది. మా స్నేహం అక్కడ మొదలైంది.

తర్వాతెప్పుడో మణికట్టు సంగతి చెప్పింది. ఆమె భర్త కేరళలో బోట్ల మీద పనికి పోయి ఏడాదికోసారి వచ్చేవాడట. "ఇద్దరం పరీక్ష చేయించుకుందాం రా అని అడిగినా. అంతే. విరిచినోడు పొయ్యినాడు, చెయ్యి మిగిలింది" అంది. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది.

నేను ఊరికే ఏడ్చేదాన్ని ఆ రోజుల్లో. ఆమె ఓదార్చేది కాదు. అన్నం పళ్ళెం నా ముందుకు జరిపి, "ముందు తిను. తర్వాత ఏడుద్దువు" అనేది. నేను తినేదాకా పక్కనే కూర్చుని గోళ్ళలో ఇరుక్కున్న రొయ్య పొట్టు తీసుకుంటూ ఉండేది. తిన్నాక చాలాసార్లు ఏడుపు గుర్తొచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు నా భర్త కంపెనీ గేటు దగ్గరికి వచ్చాడు. ఎవరు చెప్పారో తెలియదు. అందరి ముందూ జుట్టు పట్టుకున్నాడు. వాచ్‌మన్ చూస్తూ నిలబడ్డాడు. అక్క వచ్చి మధ్యలో దూరింది. నాకు పడాల్సినవి రెండు ఆమెకు పడ్డాయి. నలుగురు కలిసి అతన్ని లాగేస్తుంటే అరిచాడు, "దీనికి ఎయిడ్సు ఉండాది. దీంతో రొయ్యలు ఒలిపిస్తుండారు మీరు" అని.

అతను పోయాడు గానీ ఆ మాట పోలేదు. సూపర్వైజరు మనుషుల్ని వెంటబెట్టుకుని హాస్టలుకు వచ్చి మా గది వెతికించాడు. అక్కా నేనూ బట్టలు పెట్టుకునే అరలో సీసా దొరికింది.

"ఎవురిది ఇది?" అన్నాడు.

"నాది" అంది అక్క.

"అతను చెప్పింది ఈయమ్మ గురించి గదా?"

"తాగొచ్చి పెళ్ళాన్ని కొట్టేవాడు వంద చెప్తాడు సార్. సీసా నాది. నమ్మకపోతే ఇదో, నా పుస్తకం." తన సంచి అడుగు నుంచి సెంటరు వాళ్ళు ఇచ్చిన పుస్తకం తీసి చూపించింది. రోగం ఆమెకూ ఉంది, పుస్తకంలో అబద్ధం లేదు. కానీ ఆ సీసా నాది. ఆమె సీసా బియ్యం డబ్బాలో ఉంది, అది వాళ్ళకు దొరకలేదు.

"నాది" అనే చిన్న మాట. నా నోట్లోంచి రాలేదు. అప్పుడు రాలేదు, ఆ తర్వాతా ఎవరి ముందూ రాలేదు. ఇక్కడ రాస్తున్నాను.

అక్కను ఆ పూటే పంపేశారు. పోతూ నా వైపు ఒక్కసారి చూసి, "పనిలోకి పో మే. టైమయింది" అంది. ఆమె వాడిన టబ్బు, నిలబడిన చోటు బ్లీచింగుతో కడగమన్నారు. కడగమన్నది నన్ను. కడిగాను.

నేను అక్కడ ఇంకో నాలుగేళ్ళు పనిచేసి, కుట్టుమిషను కొనుక్కుని బయటపడ్డాను. ఆమె మద్రాసు అవతల ఇటుకల బట్టీకి పోయింది, అక్కడి నుంచి ఇంకా దూరం పోయింది. పనిచోటు మారినప్పుడల్లా మాత్రలకు దారి మారేది. ఒకచోట ఆరు నెలలు మానేసింది. క్షయ పట్టుకుంది. నాకు తెలిసేసరికి మనిషి సగమైంది.

"ఒక్క రోజు లీవు అడగలేకపొయ్యినావా అక్కా?" అని కోప్పడ్డాను.

"ఎందుకని అడుగుతారు. ఏం చెప్పేది? ఒకసారి చెప్పినా గదా. చాల్లే" అంది.

నిష్ఠూరంగా అనలేదు. అలసిపోయి అంది. అందుకే ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

చివరి రెండేళ్ళు తమ్ముడి ఇంట్లో ఉంది. ఇంట్లో అంటే ఇంటి వెనక వలలు పెట్టుకునే కొట్టంలో. మరదలు అన్నం గడప బయట పెట్టి పోయేది. నేను పోయినప్పుడు ఒకసారి, నా వల్లే నీకిట్టా అయిందన్నాను. "నేను నోరు మూసుకొనుంటే ఇద్దర్నీ పంపించుందురు. ఒకరన్నా తిన్నారు గదా" అంది. తర్వాత నా జాకెట్టు మెడ ఎవరు కుట్టారని అడిగింది. నేనే కుట్టానంటే, కుట్టును వేలితో తడిమి బాగుందంది.

మొన్న నేను చేరేసరికి కొట్టం ముందు జనం దూరదూరంగా నిలబడి ఉన్నారు. స్నానం చేయించేవాళ్ళు లేరు. ఒక పెద్దాయన, అట్టే గుడ్డ చుట్టి తీసుకుపోదాం అంటున్నాడు.

"స్నానం చేయిస్తే ఏం కాదు. అట్టా అంటుకోదు" అన్నాను.

"నీకెట్టా తెలుసు? ఆమెకు ఏమవతావు?"

"పనికాడ స్నేహం. నాకు తెలుసు" అన్నాను. అంతవరకే అన్నాను.

లోపలికి పోయాను. మరదలు వేడినీళ్ళ బిందె, కుంకుడు రసం గిన్నె గడప దగ్గర పెట్టి అక్కడే నిలబడింది. నేను ఒక్కదాన్నే నీళ్ళు పోయడం మొదలుపెట్టాను. ఒక చేత్తో తల ఎత్తి పట్టుకుని ఇంకో చేత్తో రుద్దడం చేతకాలేదు. తల రెండుసార్లు పక్కకు వాలిపోయింది.

మరదలు కొంగు నడుముకు దోపుకుంది. గడప దాటి వచ్చి తడి నేల మీద కూర్చుని, అక్క తలను ఒళ్ళోకి తీసుకుంది. నన్ను చూడలేదు. గిన్నెలోంచి రసం తీసి జుట్టుకు పట్టించసాగింది. నురుగు నుదుటి మీదికి జారింది. అది అక్క కళ్ళలో పడకుండా ఆమె అరచెయ్యి అడ్డం పెట్టింది.