పచ్చికలో అడ్డదారి

పార్కులకు నక్షాలు గీయడం ఆమె వృత్తి. అయినా ఏ పార్కుకు వెళ్లినా పూలవంక చూడదు. తల వంచుకుని పచ్చికలో అడ్డదారి కోసం వెతుకుతుంది. వేసిన బాట నచ్చకపోతే జనం గడ్డి తొక్కి తమ దారి తామే చేసుకుంటారు. గీసినవాళ్లకు అంతకు మించిన చెంపపెట్టు లేదు. ఆమె గీసిన పార్కులో ఎటు చూసినా అలాంటి దారులే. అక్క గీసిన పార్కులో మాత్రం మచ్చుకైనా ఒక్కటి లేదు. అందుకే సెలవు దొరికితే చాలు, అక్కడికే వచ్చి కళ్లలో నిప్పులు పోసుకుంటుంది. చిన్నప్పుడు అక్క పెరట్లో పుల్లలు గుచ్చి తోట కట్టేది. చెల్లెలు దగ్గరికొస్తే "తొక్కకే!" అని అరిచేది. అమ్మ ఆ పుల్లల తోటను వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయేది. అక్క ఈ చదువు చదివిందనే తనూ ఇదే చదివింది, ఎలాగైనా అక్కను మించాలని.

ఈ ఆదివారం ఇక ఉండబట్టలేక, ఇక్కడా ఒక అడ్డదారి పడాలని, పచ్చికలోకి దిగింది. మడమలు నొక్కిపెట్టి, నడిచిన చోటే మళ్లీ మళ్లీ నడిచింది. బెంచీ మీది పెద్దాయన చూడనే చూశాడు.

"ఏం పారేసుకున్నావమ్మా?"

"ఉంగరమండీ," అంది, నోటికొచ్చిన అబద్ధం.

"అయ్యో, బంగారమే! రండి బాబూ, అందరూ తలో చెయ్యి వెయ్యండి!"

నడకకొచ్చినవాళ్లంతా బిలబిలమంటూ దిగారు. ఆమెకు కావలసిందీ అదే. లేత పరకలు చెప్పుల కింద నలుగుతుంటే కాసేపు కళ్లారా చూసింది. అంతలో ఏమైందో, "తొక్కకండి!" అని గట్టిగా అరిచేసింది.

ఆ గొంతు అచ్చం అక్కది.