ఎర్రగీత కుడిపక్క

కొండ కడుపులోంచి తీసిన రాయికి కూడా తలా కాళ్ళూ ఉంటాయని నమ్మిన మనిషి ఆవిడ. ఆఫీసులో అందరూ పెట్టెలమ్మ అనేవారు. వెటకారానికి పెట్టిన పేరే అయినా ఆవిడ ఏనాడూ నొచ్చుకోలేదు. "పెట్టెలకి అమ్మనేగా అన్నారు, తిట్టలేదు కదా" అని నవ్వేసేది. ముప్ఫై ఏళ్ళలో ఆవిడకి నిజంగా కోపం వచ్చింది ఒక్కసారే. ఇది ఆ కోపం సంగతి.

భూగర్భ శాఖ ఆఫీసు వెనక పొడుగాటి రేకుల షెడ్డు ఒకటి ఉండేది. గోడల పొడవునా ఇనప అరలు, అరల నిండా చెక్కపెట్టెలు. జిల్లాలో ఏ కొండమీద బోరు వేసినా, అందులోంచి వచ్చిన రాతికడ్డీలు ఆ పెట్టెల్లోకే చేరేవి. మణికట్టంత లావున, గుండ్రంగా, నున్నగా ఉంటాయవి. పెట్టెకి అయిదు వరసలు, వరసకి ఒక మీటరు. పుస్తకం చదివినట్టే ఎడమనుంచి కుడికి, పైవరసనుంచి కిందివరసకి చూసుకుంటూ పోతే కొండ లోపలికి దిగిపోవచ్చు. పైన సున్నపురాయి, దాని మధ్య అక్కడక్కడా బూడిదరంగు పలకరాయి, ఇంకా దిగితే ఎర్రటి ఇసుకరాయి, అట్టడుగున చారలరాయి, గ్రానైటు.

"ఇది దేవుడు తన చేత్తో పేర్చిన వరస. మనం తుడవాలి, చూసుకోవాలి. అంతేగానీ మార్చకూడదు" అని కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ చెప్పేది. పొద్దున్నే షెడ్డు తాళం తీసి, గడప దగ్గర ఒక్క క్షణం కళ్ళుమూసుకుని దణ్ణం పెట్టుకున్నాకే లోపల అడుగుపెట్టేది.

ఆవిడ అయిదో తరగతి దాకా చదువుకుంది. పెళ్ళయ్యాక, బోరు యంత్రం నడిపే భర్త వెంట కొండల్లో గుడారాల్లో తిరిగింది. ఆయన కడ్డీ పైకి తీసి ఇస్తే ఈవిడ కడిగేది. కడిగి ఆరబెట్టిన కడ్డీ మీద, ఆ చివరనుంచి ఈ చివరకి రెండు గీతలు పక్కపక్కన గియ్యడం ఆయనే నేర్పాడు. ఒకటి ఎర్రది, ఒకటి నీలం. "ఇదుగో, కొండలో ఎలా నిలబడి ఉందో అలాగే నిలబెట్టి చూడు. ఎర్రగీత కుడిపక్కనుండాలి. ఎడమపక్కనుంటే రాయి తలకిందులైనట్టు. ముక్క ఎక్కడ పడిపోయినా ఈ గీతే దాన్ని ఇంటికి చేరుస్తుంది" అనేవాడు. ఆ యంత్రాల దుమ్మే ఊపిరితిత్తుల్లో చేరి ఆయన్ని నలభై ఆరేళ్ళకే తీసుకుపోయింది. ఆవిడకి షెడ్డులో ఉద్యోగం ఇచ్చారు. ఆయన వదిలివెళ్ళిన రెండు కుంచెలూ పౌడరు డబ్బాలో పెట్టుకుని ఆవిడ అక్కడే ఉండిపోయింది.

ఇక ఎనిమిది నెలల్లో రిటైరవుతుందనగా షెడ్డు కారడం మొదలైంది. పెట్టెలన్నీ కొత్త గోదాముకి తరలించమని ఉత్తర్వు వచ్చింది. నేను దగ్గరుండి ఎక్కిస్తానని ఆవిడ అడిగింది.

"బరువుల పనమ్మా, నీకెందుకు? రెండు రోజులు ఇంటిపట్టున ఉండు" అన్నాడు చిన్నాఫీసరు. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. మర్యాదగానే అన్నాడు. మర్యాదగా అన్నాడు కాబట్టే ఆవిడ ఎదురు చెప్పలేకపోయింది.

రెండు రోజుల తర్వాత కొత్త గోదాముకి వెళ్ళి, అలవాటు ప్రకారం ఒక్కొక్క పెట్టే తెరిచి దుమ్ము దులుపుతోంది. కొత్త బడి కట్టబోయే కొండవాలు మీద వేసిన బోరు పెట్టెలు వచ్చాయి. ఆ బోరు కడ్డీలకి గీతలు గీసింది ఆవిడే. మొదటి పెట్టె బాగుంది. రెండోది తెరిచి గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. నిలబెట్టి చూసుకుంటే అయిదు వరసల్లోనూ ప్రతి ముక్కకీ ఎర్రగీత ఎడమపక్కకే వస్తోంది.

లారీ డ్రైవరుని పిలిచింది. "ఒరే అబ్బాయ్, ఈ పెట్టె గానీ పడిందా?"

"పడింది పిన్నీ. మలుపులో తాడు తెగింది. కానీ ఒక్క ముక్క కూడా పోలేదు. టార్పాలిన్ పరిచి, వరస తప్పకుండా పేర్చి, మళ్ళీ పెట్టెలో సర్దాం. అంకెల చెక్కలు కూడా లెక్క ప్రకారం పెట్టాం."

వాళ్ళు జాగ్రత్తగానే చేశారు. టార్పాలిన్ మీద వరస తప్పలేదు కూడా. కాకపోతే ఖాళీ పెట్టెని అటుకొస ఇటు తిప్పి పక్కన పెట్టుకుని నింపారు. మొదటి రాయి ఆఖరుకీ, ఆఖరి రాయి మొదటికీ వెళ్ళిపోయాయి. లోతు చెప్పే అంకెలు వాళ్ళకి వచ్చు కాబట్టి చెక్కలు సరిగ్గా పెట్టారు. రాళ్ళు తిరగబడ్డాయి. ఆవిడకి వాళ్ళమీద కోపం రాలేదు. ఎండలో మోకాళ్ళమీద కూర్చుని ముక్క ముక్కా ఏరినవాళ్ళని ఏమంటుంది?

భయం వేరే ఉంది. ఆ పెట్టెలోనే ముప్పాతిక మీటరు పైచిలుకు బూడిదరంగు పలకరాయి ఉంది. పొడిగా ఉంటే రాయి, తడిస్తే సబ్బు. ఆ కొండలో పొరలన్నీ కింది వీధి వైపుకే వాలి ఉన్నాయి. పైనున్న సున్నపురాయి పగుళ్ళలోంచి వాననీళ్ళు దిగి ఆ పొరని తడిపితే, మీదున్నదంతా జారడానికి చూస్తుంది. అసలైతే ఆ పొర అయిదున్నర మీటర్ల దగ్గర తగలాలి. ఇప్పుడు పెట్టెలో ఎనిమిదిన్నర దగ్గర కనిపిస్తోంది. బడి పునాది నాలుగు మీటర్లు. పునాది కింద కనీసం మూడు మీటర్ల గట్టిరాయి ఉండాలి. పెట్టెని చూస్తే ఉంది. కొండలో లేదు.

ఆ బడిలో చదవబోయే మూడువందల మంది పిల్లల్లో ఆవిడ మనవరాలు కూడా ఉంది.

చిన్నాఫీసరు దగ్గరికి పరుగున వెళ్ళింది. ఆయన అప్పటికే ఆ పెట్టె చూసి నివేదిక రాసి పైకి పంపేశాడు.

"బాబూ, రెండో పెట్టె తిరగబడింది. గీతలు చూడండి."

"ఆ గీతలా? అవి లారీవాళ్ళ గుర్తులేమో అనుకున్నానమ్మా."

"లారీవాళ్ళవి కావు బాబూ, అవి నావి. ఎర్రది కుడిపక్కనుండాలి."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "చూడమ్మా, నేను ఆరేళ్ళు ఇదే చదువుకున్నాను. నువ్వు తుడవడం చూసుకో. రాళ్ళు చదవడం నేను చూసుకుంటాను."

ఆవిడ పెద్దాఫీసరు గది ముందు బెంచీ మీద కూర్చుంది. ఒక పూట కాదు, మూడు రోజులు. మొదటిరోజు మీటింగు అన్నారు. రెండోరోజు కాంపు అన్నారు. మూడోరోజు తలుపు సందులోంచి ఆయన టీ తాగుతూ కనిపిస్తుండగానే లేరన్నారు. ఆ మూడు రోజులూ ఆవిడకి గ్లాసెడు మంచినీళ్ళు తెచ్చిచ్చింది ఆఫీసు ఊడ్చే మనిషి ఒక్కతే. తన మధ్యాహ్నపు అన్నంలో సగం పెట్టింది కూడా.

ఇంట్లో కోడలు వేడినీళ్ళు తెచ్చి అత్తగారి పాదాల దగ్గర పెట్టింది. "ఊరుకోండి అత్తయ్యా. ఇంకెంత, ఎనిమిది నెలలు. ఇప్పుడు పేచీ పెట్టుకుంటే మర్యాదగా పంపరు."

"మర్యాదా?" ఆవిడ కాళ్ళు నీళ్ళలోంచి తీసేసింది. "నీ కూతురు కూర్చునే గది కింద సబ్బు పెట్టి, పైన రంగులేసి తాళంచెవులు ఇస్తారుటే. ముందు బరువుల పని నీకొద్దన్నారు, పోనీ అనుకున్నాను. ఇప్పుడు నోరెత్తే పని కూడా వద్దంటున్నారు. నువ్వు కూడా అనకు."

కోడలు తువ్వాలు తెచ్చి ఆ కాళ్ళు తుడిచింది. "ఎల్లుండి పాత బడిలో, కొత్త బడి గురించి తల్లిదండ్రుల మీటింగుంది అత్తయ్యా. ఆఫీసర్లొస్తున్నారు. నా బదులు మీరెళ్ళండి" అంది.

ఆ రోజు డ్రైవరూ ఆవిడా కలిసి ఆ పెట్టెని పాత బడి హాల్లోకి మోసుకొచ్చారు. పెద్దాఫీసరు మాట్లాడుతున్నాడు. కొండ చెక్కుచెదరదంటున్నాడు. జిల్లాలోనే ఇంత గట్టి చోటు లేదంటున్నాడు. పెట్టెని చూసి ఆగాడు.

"ఏమిటిది? ఎవరు తెమ్మన్నారు?"

"నేనే తెచ్చుకున్నాను సార్. ఈ బడి పిల్ల నాయనమ్మని. అడగొచ్చుగా?"

హాల్లో నవ్వులు. బడి పెద్ద టీచరు మాత్రం నవ్వలేదు. పొట్టి మనిషి, గట్టి గొంతు. "అడగండమ్మా. ఆ బల్లమీద పెట్టండి" అని తన కాగితాలు తనే పక్కకి జరిపింది.

ఆవిడ బూడిదరంగు ముక్క ఒకటి తీసి పళ్ళెంలో పెట్టి, ఆఫీసరు కోసం పెట్టిన మంచినీళ్ళు దానిమీద పోసింది. పావుగంట పట్టింది. ఎవరూ కదల్లేదు. తర్వాత వేలితో నొక్కితే రాయి బురదై వేళ్ళ సందుల్లోంచి జారింది. ముందువరసలో ఎవరో తల్లి "అమ్మో" అంది.

"అది ఉందని మేమే రాశాం కదా!" అని లేచాడు చిన్నాఫీసరు. "ఎనిమిదిన్నర మీటర్ల లోతున ఉంది. దానివల్ల ప్రమాదం లేదు."

"అయిదున్నర బాబూ. పెట్టె తిరగబడింది."

"ఏమిటి రుజువు?"

ఆవిడ ఇంకో కడ్డీ తీసి, పెట్టెలో పైకొస అని చూపిస్తున్న వైపు పైకి ఉండేలా నిలబెట్టింది. ఎర్రగీత ఎడమపక్కనుంది. చిన్నాఫీసరు వైపు చూడలేదు. పెద్దాఫీసరు వైపు చూసింది. ఆయన కూడా ఒకప్పుడు చిన్నాఫీసరే. గుడారంలో ఆవిడ వండిన అన్నం తిని, ఆవిడ భర్త పక్కన చతికిలబడి ఈ గీతలు నేర్చుకున్నవాడే. పెట్టె మూత తియ్యగానే ఆయన మొహం పాలిపోవడం ఆవిడ చూసింది. గీతలు గుర్తుపట్టి కూడా ఆయన నోరు విప్పకపోవడమూ చూసింది. ఆవిడకి కడుపు మండింది అక్కడే. తెలియనివాడి తప్పు తెలిసేదాకానే. తెలిసిన మనిషి నోరు మూసుకోవడాన్ని ఏమనాలి?

"నేను చెప్తే మీకు పెట్టెలు తుడిచేదాని మాట. పెద్దసారే చెప్పాలి" అంది ఆవిడ.

పెద్ద టీచరు ఆయన వైపు తిరిగింది. "చెప్పండి సార్. రాయి సరిగ్గా నిలబడితే ఎర్రగీత ఎటుండాలి?"

"సాంకేతికంగా చూస్తే, దీన్ని పరిశీలించాల్సిన..."

"ఎటుండాలి సార్? కుడా, ఎడమా?"

ఆయన నీళ్ళు నమిలాడు. ముందున్న గ్లాసులో నీళ్ళు కూడా లేవు. "కుడిపక్క" అన్నాడు, చాలా చిన్నగా.

వెనకవరసవాళ్ళకి వినబడలేదు. పెద్ద టీచరు గట్టిగా తిరిగి చెప్పింది.

మరో బోరు వేశాకే పునాది అని తల్లిదండ్రులు పట్టుబట్టారు. వారంలో వేశారు. ఆవిడ యంత్రం పక్కనే గొడుగు వేసుకుని రెండు రోజులు కూర్చుంది. అయిదు మీటర్ల అరవై సెంటీమీటర్ల దగ్గర తెల్లటి సున్నపురాయి ఆగిపోయి బూడిదరంగు మొదలైంది. దేవుడు అక్కడ పెట్టినది అక్కడే ఉంది. బడి అటుపక్క కొండ ఒళ్ళోకి, గ్రానైటు బయటపడిన చోటికి మారింది. అక్కడ చదును చెయ్యడానికి ఆర్నెల్లు ఎక్కువ పడుతుందని విసుక్కున్నవాళ్ళు కూడా ఉన్నారు.

సవరించిన నివేదికలో ఆవిడ ఊసు లేదు. 'శాఖాపరమైన పునఃపరిశీలనలో వెల్లడైనది' అని రాశారు. అది కూడా పోనివ్వచ్చు. కానీ నాలుగు రోజులకి ఆవిడ చేతికి ఒక మెమో వచ్చింది. పెట్టెల భద్రతలో నిర్లక్ష్యం వహించినందుకు ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. రెండు రోజులు ఇంట్లో కూర్చోమన్నవాళ్ళే ఆ రెండు రోజులకి జవాబు చెప్పమన్నారు! తప్పు వాళ్ళ బల్లమీదే పుట్టింది. బల్లకి ఎవరూ మెమో ఇవ్వరు.

డ్రైవరు ఊగిపోయాడు. "తాడు తెగింది నా బండిలో పిన్నీ. నా పేరు రాసెయ్."

"నీ పేరెందుకురా? నువ్వు ఏరి పెట్టావు. పారేసి పోలేదు."

ఆవిడ పౌడరు డబ్బా పక్కన పెట్టుకుని, అయిదో తరగతి దస్తూరీతో సంజాయిషీ రాసింది. క్షమించమన్న మాట అందులో ఎక్కడా లేదు. ఎర్రగీత ఎందుకు గీస్తారో, ఎటు గియ్యాలో, ఎవరు నేర్పారో, గుడారంలో ఆయన పక్కన కూర్చుని ఇంకెవరెవరు నేర్చుకున్నారో వరసగా రాసి, కింద సంతకం పెట్టి, పెద్దాఫీసరు బల్లమీద స్వయంగా పెట్టి వచ్చింది. ఆ మెమో మీద తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. వెనక్కి కూడా తీసుకోలేదు. ఆవిడ ఫైల్లో అది అలాగే ఉండిపోయింది.

కొత్త బడి చోటు కడ్డీలు గోదాముకి వచ్చిన రోజు, ఆవిడ గుమ్మంలో పీట వేసుకుని గీతలు గీస్తోంది. చిన్నాఫీసరు వచ్చి కాసేపు నిలబడ్డాడు. తర్వాత చొక్కా చేతులు పైకి మడిచి, నేలమీద కూర్చుని, కడ్డీ దొర్లిపోకుండా రెండో కొస పట్టుకున్నాడు. చెమటలు పట్టాయి, పాపం. పట్టనీ అనుకుంది ఆవిడ.

"పిన్నీ," అన్నాడు, మొదటిసారి. "ఎర్రది ఎటన్నారు?"

ఆవిడ కుంచె రంగులో ముంచింది. తల ఎత్తలేదు.

"సంజాయిషీలో రాశాను. చదవలేదా?"