బీరువాలో మైక్రోస్కోపు

మా బడి అటెండర్ మైక్రోస్కోపును పసిబిడ్డ ముఖం తుడిచినట్టు తుడిచేవాడు. ముప్పై ఏళ్లలో ఒక్కసారీ అందులోంచి చూడలేదు. పగిలిపోతుందని నేను దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవాణ్ణి. పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి పాఠం అయిపోయిందనిపించేవాణ్ణి.

తెలంగాణ సమ్మెలో బడి మూతబడింది. బడి ముందే వేసిన సమ్మె టెంటు కింద ఖాళీగా కూర్చున్నప్పుడు ఆయనే అడిగాడు: "సారూ, దానిల ఏం కనవడ్తదో జర సూపియ్యరాదుండ్రి."

చూపించాను. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషికి అదే లోకమైపోయింది. రోజూ ఉల్లిపొరో, ఈగ రెక్కో తెచ్చేవాడు. చూసే ముందూ, చూశాకా కండువా కొసతో అద్దం తుడిచేవాడు.

ఒకరోజు వాళ్ల తండా బావినీళ్లు సీసాలో తెచ్చాడు. చుక్క వేసి వంగినవాడు చాలాసేపు తల ఎత్తలేదు.

"మెసులుతున్నయి సారూ. శానేండ్ల కింద నా బిడ్డ గీ నీళ్లే తాగింది. వాంతులు, విరేచనాలు. రెండు దినాలల్ల పాణం పోయింది. మేమేమో సీత్లా తల్లికి కోపమొచ్చిందని మేకను కోసినం."

"చంపినవి ఇంకా చిన్నవై ఉంటాయి. నీళ్లు కాచి తాగితే చస్తాయి," అన్నాను.

ఆయన అద్దం తుడిచి మైక్రోస్కోపును బీరువాలో పెట్టాడు. నేను తాళం వేయబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"నా బిడ్డ గప్పుడు మీ క్లాసులనే ఉండె గద సారూ."