కుర్చీ మార్కులు

మా సబ్బుల ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్‌లో కూర్చోవడానికి ఏమీ ఉండదు. నిలబడితేనే చేతులు చురుగ్గా ఆడతాయని ఎవరో పెద్దమనిషి కుర్చీలో కూర్చుని కనిపెట్టాడు. ఆ లెక్కన టేపక్క పదమూడేళ్లు నిలబడింది. బెల్టు మీద వచ్చే సబ్బులను నేను అట్టపెట్టెలో సర్ది తోస్తే, ఆవిడ మూత మడిచి, టేపు లాగి, చర్రున తెంపి, పెట్టెను అవతలికి నెట్టేది. ఆవిడకు అసలు పేరు ఒకటి ఉంది కానీ, జీతం చీటీ మీద తప్ప అది ఎవరికీ కనపడలేదు.

సాయంత్రానికి మోకాళ్లు వాచిపోయేవి. ఇంటికి వెళ్లే బస్సు మెట్టు ఎత్తుగా ఉండేది. ముందు నేను ఎక్కి, వెనక్కి తిరిగి చెయ్యి అందించేదాన్ని. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, నేను ఆవిడకు చేసిన సాయమంతా అదే. మిగతాదంతా ఆవిడ నాకు చేసింది.

కొత్త మెషీన్ వస్తోందని ఒకరోజు సూపర్‌వైజరు చెప్పాడు. సబ్బుకు కాగితం చుట్టి, అంటించి, పెట్టెలో పేర్చి, చివరికి టేపు కూడా అదే వేస్తుందట. దాని ముందు ఒక మనిషి కూర్చుని చూసుకుంటే చాలట. టేపక్క చేతిలో టేపు సగంలో ఆగిపోయింది.

"కుర్చీయా, స్టూలా?" అని అడిగింది.

"కుర్చీయే. వీపు ఆనించుకోవచ్చు" అన్నాడాయన.

అప్పటి నుంచి ఆవిడకు ఇంకో ధ్యాస లేదు.

కుర్చీ ఊరికే ఎవరిస్తారు? ఇకమీదట పనులన్నీ ఆన్‌లైన్‌లో నేర్చుకోవాలని హెడ్డాఫీసువాళ్లు తేల్చారు. ఆరు పాఠాలు, చివర ఇరవై ప్రశ్నల పరీక్ష. పద్నాలుగు మార్కులొస్తే సర్టిఫికెట్. అందరికంటే ఎక్కువ ఎవరికొస్తే వాళ్లకు కుర్చీ. సర్టిఫికెట్ లేనివాళ్లకు, మిగతా మెషీన్లు కూడా వచ్చాక, ఫ్యాక్టరీలో పని ఉండదు. గడువు నెల రోజులు. చదువుకోండంటూ స్టోరు గది పక్కన ఒక పాత కంప్యూటరు పెట్టారు. మేము ఇరవై ఏడు మందిమి, అది ఒక్కటి.

పాఠాలన్నీ మీ భాషలోనే ఉన్నాయి, భయపడకండి అంది శిక్షణ మేడమ్. హెడ్డాఫీసు నుంచి వచ్చిన చిన్నపిల్ల, పాపం మంచిదే. ఉన్నాయి, మా భాషలోనే. "వస్తు ప్రవాహమునకు అవరోధము ఏర్పడిన యెడల సంచాలకుడు ప్రథమముగా శక్తి సరఫరాను విచ్ఛేదించవలెను" అని కంప్యూటర్లో ఎవరిదో గొంతు చదువుతుంటే, మా పక్క టేబులు ముసలాయన దండం పెట్టి లేచి వెళ్లిపోయాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అనలేదు.

టేపక్క పదో తరగతి దాకా చదివింది. ఆ పాఠాన్ని వెనక్కి తిప్పి మళ్లీ విని, "సబ్బు ఇరుక్కుంటే ముందు స్విచ్ ఆపాలి. అంతే" అంది. మాకు ఆ ఒక్క ముక్కతో అర్థమైంది. తర్వాత ప్రతి టీ టైములోనూ ఆవిడ చుట్టూ చేరేవాళ్లం. పాఠాన్ని సబ్బు భాషలోకి మార్చి చెప్పేది. జిగురు వేడెక్కితే కాగితం ముడుచుకుంటుందని పాఠం ఒక పేజీ నిండా చెబితే, "మాడిన వాసన వస్తుంది కదా, అదే" అనేది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. గడువు సగం అయ్యాక మొదట ఆవిడ మరిదే వచ్చాడు. మా సెక్షన్‌లోనే లారీకి పెట్టెలు ఎక్కించే పని అతనిది. "వదినా, నాకు చేతకాదు. నా బదులు మీరే నొక్కేయండి" అన్నాడు. కన్నీళ్ల పర్యంతమయ్యాడు. సరేనంది. రెండో మనిషిని నేను. ఆ వారం తిరిగేసరికి సెక్షనంతా వరస కట్టింది. అందరి పాస్‌వర్డులూ టేపు ముక్కల మీద రాసి, తన లాకరు తలుపు లోపల అంటించుకుంది.

దాపరికం లేని మనిషి. ముందే చెప్పింది. "అందరికీ పాస్ మార్కులు వేయిస్తా. కుర్చీ మార్కులు మాత్రం నావి."

అందరం ఒప్పుకున్నాం. నవ్వుతూ ఒప్పుకున్నాం కూడా.

అన్నం తినే టైములో డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఎడం చేత్తో కంప్యూటరు నొక్కేది. పని అయ్యాక మళ్లీ కూర్చునేది. ఒక్కొక్కరి పరీక్షకు గంట పట్టించేది. అందరూ ఒకేలా రాస్తే పట్టుబడతారని, ఎవరి తప్పులు వాళ్లకు పెట్టేది. అందులో ఆవిడకు సరదా కూడా ఉండేది. ముసలాయన చిరిగిన కాగితాన్ని కూడా పారేయడు కాబట్టి, ఆ ప్రశ్నలో ఆయనకు తప్పు. మరిదికి ఎంత చిన్న విషయమైనా పైవాళ్లకు చెప్పందే తోచదు కాబట్టి, నాలుగుచోట్ల 'పై అధికారికి తెలియజేయవలెను'.

"మరి నాకు?" అన్నాను.

"నీకు రెండే. ఒకటి స్విచ్ ప్రశ్న. నువ్వు ముందు చెయ్యి పెట్టి, తర్వాత ఆలోచించే రకం."

"అంటే పద్దెనిమిది. అందరికంటే నాకెందుకు ఎక్కువ?"

"పదేళ్ల నుంచి నా పక్కన నిలబడ్డావు కదే" అంది.

ఇరవై ఆరు మందివి అయ్యేసరికి ఆఖరి రోజు ఆఖరి గంట మిగిలింది. అప్పుడు తన పరీక్షకు కూర్చుంది. బస్సు టైమైపోతోందని నేను గుమ్మంలో నిలబడి తొందరపెడుతున్నాను. నాలుగు నిమిషాల్లో లేచింది. ఇరవైకి ఇరవై. ఊళ్లో అందరికీ నిదానంగా, తప్పులతో రాసిపెట్టిన మనిషి, తన పేరు దగ్గరికి వచ్చేసరికి ఆ జాగ్రత్త మరిచిపోయింది. మరిచిపోయిందని కూడా అనలేను. తనకు తెలిసినదాన్ని తన పేరు మీద కూడా తెలియనట్టు రాయడం ఎందుకనుకుంది. ఆ రోజు బస్సు మెట్టు నా చెయ్యి లేకుండానే ఎక్కింది.

మూడో రోజు నోటీసు బోర్డు మీద జాబితా అంటించారు. ఇరవై ఆరు పేర్ల ఎదురుగా మార్కులున్నాయి. ఆవిడ పేరు ఎదురుగా 'అనుమానాస్పదం, రద్దు' అని ఉంది. ఏడాది దాకా మళ్లీ రాయడానికి లేదు.

మమ్మల్నిద్దర్నీ ఆఫీసు గదిలోకి పిలిచారు. ఒకే టేబులు వాళ్లం కదా, నన్ను సాక్ష్యానికన్నమాట. సూపర్‌వైజరు గోడ పక్కన నిలబడ్డాడు. శిక్షణ మేడమ్ ఏమీ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"గంట పట్టే పరీక్ష నాలుగు నిమిషాల్లో ఒక్క తప్పు లేకుండా ఎలా రాశారండీ? జవాబులు ఎవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదండీ."

"మరి ప్రశ్నలు ముందే ఎక్కడైనా చూశారా?"

టేపక్క నా వైపు చూసింది. చూశాను, ఇరవై ఆరుసార్లు చూశాను అన్నదే దానికి జవాబు. ఆ మాట అంటే ఇరవై ఆరు సర్టిఫికెట్లు ఎగిరిపోతాయి. అందులో మరిదిది ఒకటి, నాది ఒకటి.

"అన్నీ తెలిసినవే వచ్చాయండీ. కావాలంటే ఇప్పుడే అడగండి, నోటితో చెబుతాను" అంది.

"నోటితో అడిగే ఏర్పాటు లేదండీ. సిస్టమ్ ఒప్పుకోదు" అని, మేడమ్ నన్నడిగింది. "మీకేమైనా తెలుసా?"

"తెలియదండీ" అన్నాను.

అనేశాను. నా గొంతు కూడా వణకలేదు. ఇప్పటికీ నాకు అన్నిటికంటే అసహ్యంగా అనిపించేది అదే.

"అయితే తర్వాతి మార్కులు ఈవిడవే, పద్దెనిమిది" అన్నాడు సూపర్‌వైజరు నన్ను చూపించి.

ఆ సాయంత్రం టేపక్క ఇంటికి వెళ్లాను. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మంచం మీద అత్తగారు, గుమ్మంలో మరిది. భర్త వ్యాను డ్రైవరు, వారానికి ఒకసారి వస్తాడు. ఆవిడ బకెట్టులో వేడినీళ్లు పోసుకుని కాళ్లు పెట్టుకుని ఉంది. నన్ను కూర్చోమంది.

అత్తగారే మొదలుపెట్టింది. "నిజం చెబితే నీకు కుర్చీ వస్తుందేమో కానీ, చిన్నోడి పని పోతుందే. దాని సంగతి కూడా చూడు, ఇప్పుడే నీళ్లోసుకుంది."

అంటే మరిది పెళ్లాం కడుపుతో ఉంది.

"వదినా, మీ ఇష్టం" అన్నాడు మరిది తల వంచుకుని. మీ ఇష్టం అనేవాడు ఎప్పుడూ చెప్పేది తన ఇష్టమే.

"నేనెవరి పొట్టా కొట్టను" అంది టేపక్క. తర్వాత నా వైపు తిరిగి, "మీలో ఒక్కరైనా వెళ్లి, ఈవిడకు వచ్చు, మాకు చెప్పింది ఈవిడే అంటారేమోనని ఎదురుచూశాను. పరీక్ష రాసిందని చెప్పక్కర్లేదు. పాఠం చెప్పిందని చెబితే చాలు. పాఠం చెప్పడం నేరం కాదు కదా" అంది.

అవును, అది నేరం కాదు. ఆ గదిలో నేను అది చెప్పి ఉండొచ్చు. ఎవరి సర్టిఫికెట్టూ పోయేది కాదు. నాకు తోచలేదని చెబితే మీరు నమ్ముతారేమో కానీ, నేను నమ్మను. పద్దెనిమిది మార్కులు నావేనని నాకు అప్పటికే తెలుసు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టంటారు. మేమైతే తెప్ప మీద ఉండగానే అగ్గిపెట్టె వెతికాం. తిలా పాపం తలా పిడికెడు అని మిగతావాళ్లు సర్దుకోవచ్చు. నాది పిడికెడు కాదు.

మర్నాడైనా వెళ్లి చెప్పొచ్చు. వెళ్లలేదు. ఆ పై వారం మెషీన్ వచ్చింది. నేను కుర్చీలో కూర్చున్నాను. చెప్పకేం, వీపుకు చాలా హాయిగా ఉంది.

రెండో మెషీన్ వచ్చేదాకా పాత టేబులు అలాగే ఉంచారు. నాకు పది అడుగుల దూరంలో టేపక్క నిలబడి టేపు వేస్తోంది. నా చోట సబ్బులు సర్దడానికి మరిదిని వేశారు. మొదట్లో మెషీన్ ఏ కొంచెం తేడా చేసినా నేను తలతిప్పి చూసేదాన్ని. ఆవిడ టేపు మీంచి చూపు తిప్పకుండానే చెప్పేది. "జిగురు వేడి తగ్గించు." "కాగితం చుట్ట అయిపోవస్తోంది." పది రోజులు అలా గడిచాయి. లాగ్‌బుక్కులో నా పేరు ఎదురుగా సూపర్‌వైజరు 'బాగుంది' అని రాశాడు.

ఒకరోజు ఎర్ర లైటు వెలిగింది. సబ్బు ఒకటి అడ్డం తిరిగి ఇరుక్కుంది. నా చెయ్యి దానంతటదే లోపలికి వెళ్లింది.

"స్విచ్ ఆపు ముందు" అని అరిచింది టేపక్క. సెక్షనంతా మారుమోగింది.

చెయ్యి వెనక్కి లాక్కున్నాను. మరుక్షణం లోపలి ఇనుప పట్టీ టక్కున దిగి, ఆ సబ్బును రెండు ముక్కలు చేసింది. నా వేళ్లు ఐదూ లెక్కపెట్టుకున్నాను.

సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చాడు, ఆవిడ దగ్గరికి. "ఆపరేటరు ఆవిడా, నువ్వా? సర్టిఫికెట్ లేనివాళ్లు మెషీన్ విషయంలో నోరు పెట్టకూడదు. నీ టేపు నువ్వు చూసుకో" అన్నాడు.

ఆవిడ నన్ను చూడలేదు. మరిది కుక్కిన పేనులా సబ్బులు సర్దుకుంటున్నాడు. నేను స్విచ్ ఆపి, సబ్బు ముక్కలు ఏరాను. అప్పుడైనా నోరు తెరవలేదు. ఆ రోజు నుంచి బస్సు దగ్గర ఆవిడ నా చెయ్యి అందుకోవడం మానేసింది. కమ్మీ పట్టుకుని, రెండుసార్లు ఊపిరి పీల్చుకుని, తనే ఎక్కుతుంది.

పరీక్ష రద్దయినవాళ్లు ఇంకో పాఠం చదవాలని హెడ్డాఫీసు నుంచి కాగితం వచ్చింది. రద్దయింది ఆవిడ ఒక్కతిదే. పాఠం పేరు 'పనిచోట నిజాయితీ'. పది ప్రశ్నలు. అది పాసైతేనే వచ్చే ఏడాది మళ్లీ మెషీన్ పరీక్షకు కూర్చోనిస్తారు. భోజనం టైములో అన్నం డబ్బా పట్టుకుని స్టోరు గది వైపు వెళ్లింది. గంట కూర్చుంది. పూర్తిగా గంట.

తిరిగొస్తూ నా మెషీన్ దగ్గర ఆగింది. చాలా రోజుల తర్వాత ఆగింది కాబట్టి, నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

"పాసయ్యావా అక్కా?"

"అయ్యాను. పదికి తొమ్మిది. పదీ పెడితే మళ్లీ అనుమానం."

"ఏది తప్పు పెట్టావు?" అన్నాను, పాతరోజుల్లోలా నవ్వబోతూ.

"తోటి ఉద్యోగికి అన్యాయం జరుగుతోందని మీకు తెలిస్తే ఏం చేస్తారు అని ఒక ప్రశ్న" అంది. "దానికి నీ జవాబు పెట్టాను."

బెల్లు మోగింది. ఆవిడ తన టేబులు దగ్గరికి వెళ్లి నిలబడింది. నేను కూర్చునే ఉన్నాను.