వరస బయట నిలబడ్డ రోజు

మొన్న కోడలి చీరకు అంచు కొనడానికి ఇక్కడ సూరత్‌లోని సలాబత్‌పురా బజారుకు వెళ్లాను. కొనడం కాసేపట్లోనే అయిపోయింది గానీ ఆటో దొరక్క సందు మొదట్లో నిలబడాల్సి వచ్చింది. అక్కడ కాలేజీ పిల్లలు కొందరు రోడ్డు మీదే వీధి నాటకం వేస్తున్నారు. చెత్త గురించో, నీళ్ల గురించో, సగం గుజరాతీ సగం హిందీ, డప్పు చప్పుడులో నాకు సరిగ్గా వినపడలేదు. నిజం చెప్పాలంటే నేను నాటకం చూడనేలేదు. జనం వెనక బట్టల మూటకు ఆనుకుని నిలబడ్డ ఒక అమ్మాయిని చూస్తూ ఉండిపోయాను. ఆ పిల్లకు నాటకంలో వేషం లేదు, కానీ వేషం కట్టిన వాళ్లందరి మాటలూ ఆమె పెదవుల మీద కదులుతున్నాయి, ఎవరైనా తడబడితే ఆమె మడమలు పైకి లేస్తున్నాయి. చూస్తుండగానే రెండు ఆటోలు వచ్చి వెళ్లిపోయాయి. ఇంటికొచ్చాక కూడా నాకు కాలు ఒకచోట నిలవలేదు. వంటింట్లోంచి వరండాలోకి, వరండాలోంచి వంటింట్లోకి తిరుగుతుంటే మావారు ఏమైందని అడిగారు, ఏమీ లేదన్నాను. నా ఈడువాళ్లకైతే చెప్పుకోవచ్చనిపించి ఇది రాస్తున్నాను.

మేం అప్పట్లో గోడాదరాలో ఉండేవాళ్లం. బాపు, అంటే మా నాన్న, సాంచాలనే కరెంటు మగ్గాల మీద బట్ట నేసేవాడు. వలస రాకముందు మా ఊళ్లోనూ ఆ పనే, ఇక్కడా ఆ పనే, కాకపోతే ఇక్కడ సాంచాలు నడిచే షెడ్డును ఖాతా అంటారు, పనికి వెళ్లే వంతును పాలీ అంటారు. ఒక వారం పగటి పాలీ, మరుసటి వారం రాత్రి పాలీ. మా బస్తీలో ఇల్లంటే ఒక్క గది, ఆ గదిలో పగలయినా ఎవరో ఒకరు నిద్రపోతూనే ఉండేవారు కాబట్టి మేం చిన్నప్పటినుంచీ గుసగుసగా మాట్లాడటం, మునివేళ్ల మీద నడవడం అలవాటు చేసుకున్నాం. గుమ్మం దాటితే సాంచాల మోత, గుమ్మంలోపల గిన్నె కింద పెట్టాలన్నా భయం. అట్లా పెరిగిన పిల్లలకు కాళ్లూ చేతులూ ఊరికే ఎలా ఉంటాయి? నాకు పద్దెనిమిదేళ్లు నిండేసరికి ఒంట్లో ఏదో తరుముతున్నట్టు ఉండేది. పొద్దంతా మేం అవ్వ అని పిలిచే మా అమ్మ పక్కన కూర్చుని చీరలకు టిక్కీలనే మెరుపు బిళ్లలు అతికిస్తూ, ఎటైనా లేచి వెళ్లిపోవాలనుకునేదాన్ని. ఎటు వెళ్లాలో మాత్రం తెలిసేది కాదు.

ఆ రోజుల్లోనే సూరత్‌లోని ఒక సంస్థ తరఫున ఒక గుజరాతీ ఆవిడ మా బస్తీకి రావడం మొదలుపెట్టింది. మేం ఆమెను బెన్ అనేవాళ్లం, అంటే అక్క. ఒడియా వాళ్లు, మరాఠీ వాళ్లు, మేము, ఇలా పని కోసం వచ్చి స్థిరపడ్డ బస్తీల్లోని పడుచు పిల్లలు తమ తమ భాషల్లో ఏదో ఒక కళ నేర్చుకుని, వానలు తగ్గాక బార్డోలీలో జరిగే సభలో అందరి ముందూ ప్రదర్శించాలని వాళ్ల ఆలోచన. నేర్పించేవాళ్లను పంపుతారేమోననుకున్నాం. ఎవరినీ పంపేది లేదని చెప్పేసింది బెన్. ఏం చేయాలో మీరే చూసుకోండి, ఎవరు నడిపించాలో మీరే తేల్చుకోండి, నేను వారానికోసారి వచ్చి చూస్తాను, అంది. అంతమాత్రానికి ఈమె ఎందుకు రావడమని అవ్వ విసుక్కుంది.

మేం కోలాటం అనుకున్నాం. ఇక్కడి వాళ్లకు దాండియా తెలుసు గానీ మన కోపులు తెలియవు. కోపు అంటే ఒక వరసలో వేసే అడుగులూ తిరుగుళ్లూ, ఒక్కో కోపుకు ఒక్కో పేరు. పాతవాటికి తోడు మేం ఒక కొత్త కోపు కట్టాం, దానికి నాడె కోపు అని పేరు పెట్టాం. సాంచెలో దారం మోసుకుపోయే నాడె ఎట్లా అటూ ఇటూ దూసుకుపోతుందో, అట్లా లోపలి వరసలోని ఆడపిల్లలు బయటి వరసలోని మగపిల్లల మధ్యగా దూసుకుపోయి మళ్లీ వెనక్కి రావాలి. చెప్పుకోవడానికి బాగానే ఉంది. చిక్కల్లా మేమంతా ఒకచోట చేరడంలోనే. మగపిల్లలందరూ ఖాతాల్లో పనిచేసేవాళ్లు, పడుచువాళ్లకు ఎక్కువగా రాత్రి పాలీలే పడేవి, పొద్దున దిగాకే ఖాళీ. ఆడపిల్లలకు సాయంత్రం టిక్కీల పని అయ్యాకే వీలు. వారం సెలవైనా ఒక్కో ఖాతాకు ఒక్కో రోజు. అందుకని పొద్దుటి జట్టును మా మేనత్త కొడుకు, అంటే మా బావ, నడిపించాడు. సాయంత్రం జట్టును నేను నడిపించాను. ఎదురుగా ఉండాల్సిన జత లేకుండా మేము గాలికి కోలలు కొట్టేవాళ్లం, వాళ్లు గోడకు కొట్టేవాళ్లు. ప్రతి వారం ఎవరో ఒకరు ఊరికి పోయేవారు, ఎవరి పాలీయో మారేది, నేను ఇల్లిల్లూ తిరిగి మనుషుల్ని పోగుచేసేదాన్ని. ఒక పిల్లను పంపమని వాళ్ల నాయనమ్మను బతిమాలడం, ఇంకో పిల్ల వంతు టిక్కీలు నేను అతికిస్తానని ఒప్పుకోవడం, ఇదే నా పని. అది నాయకత్వమని అప్పుడెవరైనా అంటే నవ్వి ఉండేదాన్ని.

దీనికి తోడు గది సంగతొకటి ఉంది. బస్తీ మధ్యలో అందరిదీ అనదగ్గ గది ఒకటి ఖాళీగా ఉండేది. బస్తీకి పెద్దమనిషి, నాకు వరసకు పెద్దబాపు, అంటే పెదనాన్న, దాన్ని చీరల గోదాముకు ఇవ్వాలని చూస్తున్నాడు. మేం వెళ్లి అడిగితే, బార్డోలీలో మన పేరు నిలబెట్టి రండి, అప్పుడు ఆలోచిస్తానన్నాడు. ఒక్క గది, ఎవరూ నిద్రపోని గది, కాలు నేలకేసి గట్టిగా కొట్టినా ఎవరూ కోప్పడని గది. దాన్ని తలచుకుంటే నాకు కంటి మీద కునుకు పట్టేది కాదు.

బార్డోలీ వెళ్లే రోజు పొద్దున బస్సు దగ్గరే మా రెండు జట్లూ మొదటిసారి కలిశాయి. మగపిల్లలు రాత్రి పాలీ దిగి అటునుంచి అటే వచ్చారు, జుట్టంతా దూది నలుసులు. ఆడపిల్లలు ముందు సీట్లలో, వాళ్లు వెనక సీట్లలో. నేను వెనక్కి వెళ్లి, కోపు మారినప్పుడల్లా పేరు నేనే పిలుస్తానని బావతో చెప్పాను.

"నువ్వు పిలిస్తే మా పోరగాండ్లకు ఇనవడది పిల్లా. పాలీ దిగినంక చానసేపు చెవులల్ల మోతనే ఉంటది. నేను కోల లేపుత, చూసి తిరుగుతరు."

"మా పిల్లలు నీ కోల ఎట్ల చూస్తరు బావా? తిరిగేటప్పుడు ముందటోళ్ల వీపులే కనవడుతయి. ఇన్నాళ్లు నా గొంతు ఇనే ఆడిన్రు."

"ఆడికి వోయినంక చూద్దాం తియ్," అని కళ్లు మూసుకున్నాడు. నిద్రా, మొండితనమా తెలియలేదు. ముందు సీట్లో ఉన్న బెన్‌కు తెలుగు రాకపోయినా సంగతి అర్థమైనట్టే ఉంది, అయినా ఆమె కల్పించుకోలేదు. ఆమె మీద నాకు వచ్చినంత కోపం బావ మీద కూడా రాలేదు. కిటికీ బయట చెరుకు తోటలు మొదలయ్యాయి. నేను దారి పొడుగునా లేస్తూ కూర్చుంటూనే ఉన్నాను.

అక్కడికి వెళ్లాక చూసుకునే వ్యవధి లేకపోయింది. ఒడియా పిల్లల పాట కాగానే మమ్మల్ని పిలిచారు. పెద్దబాపు ముందు వరసలో కూర్చున్నాడు, బాపు ఆయన వెనక నిలబడి ఉన్నాడు. మొదటి రెండు కోపులూ నిదానంగా నడిచేవి కాబట్టి ఎట్లాగో గట్టెక్కాం. నాడె కోపులో నేను పిలిచాను, ఆడపిల్లలు దూసుకుపోయారు. బావ కోల ఇంకా లేవలేదు, మగపిల్లలు దారి ఇవ్వలేదు. ఒకరిమీద ఒకరు పడ్డారు. ఒక కోల ఎగిరి జనంలో పడింది, మా పక్కింటి పిల్ల మణికట్టుకు దెబ్బ తగిలి కిందనే కూర్చుండిపోయింది. జనం నవ్వారు. పెద్దబాపు నవ్వలేదు, అదింకా అధ్వానంగా ఉంది.

బావ కోలలు రెండూ ఒక చేతిలోకి తీసుకుని పక్కకు వెళ్లిపోయాడు. మగపిల్లలందరూ అతనికేసి, ఆడపిల్లలందరూ నాకేసి చూస్తున్నారు. నేను బావ దగ్గరికి వెళ్లాను. ఏమనాలో తెలియకుండానే వెళ్లాను.

"బావా, దెబ్బ తాకిన పిల్లతోని ఇగ ఆడుడు కాదు. దాని జాగల నువ్వు నిలవడు. నేను బయట నిలవడి పిలుస్త, చెయ్యి గూడ లేపుత. ఇద్దరికీ అందుతది."

"ఆడపిల్లల వరసల నేనా?" అన్నాడు. మళ్లీ తనే, "మరి నువ్వు ఆడవా?" అని అడిగాడు.

"ఎవరో ఒకరు బయట ఉండాలె గద."

అనేశాను గానీ నా గొంతు నాకే కొత్తగా వినపడింది. వానాకాలమంతా ఆ ఆట కోసమే బతికాను, చెప్పులు లేకుండా మట్టిలో నిలబడి నా పాదాలు అప్పటికే కదులుతున్నాయి. బావ నా మొహంకేసి చూసి, కోలలు చెరో చేతిలోకి తీసుకుని వెళ్లి ఆడపిల్లల వరసలో నిలబడ్డాడు. దెబ్బ తగిలిన పిల్లా, నేనూ తప్పుకోగా మిగిలిన వాళ్లు సరిగ్గా జతలయ్యారు. జనం మళ్లీ నవ్వారు, అతను తల దించలేదు. మా బావ జీవితంలో చేసిన పనుల్లో అన్నిటికన్నా గట్టిది అదేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

పక్కనున్న టీ కొట్టు బల్ల ఒకటి లాక్కుని ఎక్కాను. గొంతెత్తి పిలుస్తూ, అదే క్షణంలో చేయి ఎత్తాను. చేతి సైగలు నాకు కొత్త కావు. బాపుకు అన్నం తీసుకుపోయినప్పుడల్లా ఖాతాలో మాట వినపడక వాళ్లు సైగలతోనే మాట్లాడుకోవడం చూసేదాన్ని, మగపిల్లలకు అవి పుట్టు భాష. అరచేయి తిప్పితే తిరిగారు, పిడికిలి బిగిస్తే ఆగారు. కంగారులో నేను తొందర పెడుతున్నట్టున్నాను, అడుగులు మళ్లీ తడబడుతున్నాయి. అప్పుడు జనం తలల మీదుగా ఒక అరచేయి లేచి మెల్లగా కిందికి దిగింది. సాంచె జోరు తగ్గించమని చెప్పే సైగ అది. బాపు చేయి. నేను తగ్గించాను. నాడె కోపు వచ్చింది, ఆడపిల్లలూ వాళ్ల మధ్య బావా ఆ సందుల్లోంచి దూసుకుపోయి, తిరిగి వచ్చి, ఎవరి జత ఎదుట వాళ్లు నిలబడ్డారు. కోలలన్నీ ఒక్కసారే పలికాయి. ఇన్నాళ్లూ గాలికి కొట్టిన కోలలు అవి.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఎవరు ఎక్కడ కూర్చున్నారో గుర్తులేదు, అంతా కలిసిపోయారు. బస్తీ చేరాక పెద్దబాపు తాళంచెవి తీసి, "గది పోరగాండ్లకే. తాళంచెయ్యి మాత్రం ఈ పిల్లతాననే ఉండని," అన్నాడు. బావ ఏమంటాడోనని చూశాను. అతను అప్పటికే గోడకు ఆనుకుని నిద్రపోయాడు.

ఆ గది చాలా ఏళ్లు మా చేతిలోనే ఉంది. కోలాటం నుంచి పాటలకు, పాటల నుంచి గోడల మీద బొమ్మలకు, చిన్న నాటకాలకు వెళ్లాం. దెబ్బ తగిలిన పక్కింటి పిల్ల తర్వాత నాకన్నా బాగా నడిపించింది, కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్లి మైదానం అడిగి ఇప్పించుకున్నది ఆమే. అందరూ అనుకున్నట్టు బావకూ నాకూ పెళ్లి కాలేదు, ఆ ఊసు ఇద్దరం ఎత్తలేదు కూడా. అతను ఊళ్లో సాంచాలు పెట్టుకుంటానని వెళ్లిపోయాడు. నేను మాత్రం ఆ తర్వాత ఎన్నడూ వరసలో నిలబడలేదు. ఎవరూ వద్దనలేదు, ఎప్పుడూ ఏదో ఒకటి చూసుకోవాల్సి ఉండేది.

పోయిన ఎండాకాలం బావ కూతురి పెళ్లికి మా ఊరు వెళ్లాం. పెళ్లిలో కోలాటానికి బయటి జట్టును పిలిపించారు, అందరికీ ఒకే రంగు చీరలు, పెద్ద సౌండు బాక్సు, పాట మారితే కోపు అదే మారుతుంది, పిలిచేవాళ్లు అక్కర్లేదు. ఒక పిల్ల వచ్చి నా చేతిలో కోలలు పెట్టి లాక్కెళ్లింది. ఆ కోపు నాకు బాగా తెలుసు. ఎవరు ఎటు పోవాలో, ఎవరు ఎవరి వెనక రావాలో అంతా తెలుసు. కానీ నేను ఎటు పోవాలో తెలియక మధ్యలో ఆగిపోయాను. వలయం నా చుట్టూ తిరుగుతోంది. "అత్తమ్మా, జర ఇటు," అని ఆ పిల్ల నా భుజాలు పట్టుకుని తిప్పింది.

ఇప్పటి పిల్లలకు ఇల్లిల్లూ తిరిగి మనుషుల్ని పోగుచేసే బాధ లేదు, ఫోనులో ఒక్క మాట పెడితే అందరూ వచ్చేస్తారు. మా గదిలో ఇప్పుడు పార్సిళ్లు కడుతున్నారు. బాపు లేడు. మారిన వాటికి దిగులు పడేదాన్ని కాను గానీ, ఆ పెళ్లినాడు ఆ పిల్ల తిప్పినట్టల్లా తిరుగుతూ, తర్వాత ఏం రావాలో ఆలోచించే పని నాది కాదని తెలిసి, మొదటిసారి నా అడుగుల చప్పుడు నేను విన్నాను. పాట అయిపోయింది. ఇంకొకటి పెట్టమని అడుగుదామనుకున్నాను, అప్పటికే భోజనాలకు లేవమంటున్నారు.