ఊపిరి లెక్కపెట్టకూడదు

పోయిన ఏడు చలికాలంలో నా కుడి మోకాలు మొరాయించింది. కూర్చుంటే లేవనివ్వదు, లేస్తే కూర్చోనివ్వదు. మా ఆయన బతికినంత కాలం అచ్చం ఇట్లాగే ఉండేవాడు కాబట్టి నాకు అలవాటే. కానీ ఆయన పోయిన మూడేళ్ళకు ఆ గుణం నా మోకాలికి ఎందుకు రావాలో అర్థం కాలేదు.

నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతుంటే వేరొకరు రాస్తున్నారు. తప్పులుంటే వాళ్ళవి, అబద్ధాలుంటే నావి.

మాది ఉదయగిరికి ఇవతల, దుత్తలూరు దారిలో ఒక చిన్న ఊరు. ఆయన నాకు వదిలిపోయింది ఒక మేకల మంద. పొద్దున ఊరి వెనక తిప్ప మీదికి, అదే గుట్ట మీదికి, తోలుకుపోవడం, పొద్దు వాలేసరికి దించుకురావడం. ఇంతకు మించి నాకు వేరే పని తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. ఒకరోజు మేకలు ఎవరిదో కందిచేలో పడ్డాయి. నేను గట్టు మీద కూర్చున్నదాన్ని లేవలేక, అక్కడి నుంచే తిట్టాను. మేకలు తింటూ విన్నాయి. చేనాయన ఆత్మకూరులో ఉన్న నా కొడుక్కి ఫోను కొట్టాడు.

నా కొడుకు ఆత్మకూరులో చిన్న లారీ తోలతాడు. సాయంత్రానికి వచ్చేశాడు.

"మా, ఇంక చాల్లే. మేకల్ని అమ్మేద్దాం. ఆత్మకూరొచ్చి మా కాడ ఉండు. టీవీ ఉండాది, ఫ్యానుండాది."

"టీవీని ఏ తిప్ప మీద మేపాలిరా?"

"ఎగతాళి చాలించు. బేరగాడితో మాట్లాడినా."

మోకాలు పోతే ఒక కాలు. మంద పోతే నాకేం మిగులుతుంది? పొద్దున లేచి ఎవరి ముఖం చూడాలి?

మా కోడలు నోరు మంచిది. ఆ పిల్లే అడ్డం పడింది. "మా వీధి చివర కల్యాణమండపం మీద యోగా చెప్తుండారత్తా. మోకాళ్ళ నొప్పులోళ్ళంతా ఆడికే పోతుండారు. ఒక మండలం పోయి చూడు."

బేరం కుదిరింది. నలభై రోజులు నేను యోగాకు పోవాలి. అంతవరకు మేకల్ని మా మరిది తన మందతో కలిపి మేపుతాడు. మండలం అయ్యాక, నా కొడుకు చూస్తుండగా మందను తిప్ప ఎక్కించి దించాలి. దించితే మేకలు నావి. దించలేకపోతే బేరగాడివి.

మొదటి రోజు మండపం మీదికి మెట్లెక్కేసరికే నాకు యోగా అయిపోయింది. పైన ముప్పై మంది ఆడవాళ్ళు. చాలామంది అంగళ్ళవాళ్ళ ఆడవాళ్ళే. తలా ఒక రంగు చాప చుట్టి చంకలో పెట్టుకొచ్చారు. నేను గొంగడి తెచ్చాను. వర్షంలో కప్పుకునేదీ, ఈనిన మేకపిల్లను చుట్టేదీ అదే. దాన్ని పరవగానే పక్కనున్నామె రెండడుగులు జరిగింది, ఆమె పక్కామె నాలుగడుగులు జరిగింది. నాకు పెళ్ళిపందిట్లో దొరకనంత చోటు దొరికింది. చోటు కావాలంటే గొంగడిని మించింది లేదు.

చెప్పే సారు బడిలో డ్రిల్లు నేర్పి రిటైరైన మనిషి. ఇది పిల్లి ఆసనం, ఇది ఒంటె ఆసనం, ఇది ఆవు ముఖం అని వరసగా చేయించాడు.

"సారూ, మేకాసనం లేదా?" అన్నాను.

"లేదమ్మా."

"అన్ని జంతువుల్నీ చూసిన రుషులు మేకనొక్కదాన్ని చూడలేదా? పాలెట్టా తాగినారో."

అందరూ నవ్వారు. సారు నవ్వలేదు. "పెద్దామా, నోటికి ఆసనం లేదు. మూసుకోడమే."

మొదటి వారం ఏడ్చాను. అబద్ధం ఎందుకు, రెండో వారం కూడా ఏడ్చాను. ఒంటికాలి మీద నిలబడమంటే, సారు అటు తిరగ్గానే స్తంభం పట్టుకునేదాన్ని. ఒకరోజు ఆయన చటుక్కున ఇటు తిరిగాడు.

"ఆసనం నువ్వు వేస్తుండావా, స్తంభం వేస్తుండాదా?"

"ఇద్దరం కలిసి వేస్తుండాం సారూ."

అయినా మానలేదు. కోడలు లేవకముందే లేచి, ముఖం కడుక్కుని, ఉత్త కడుపుతో పోయేదాన్ని. మేకల్ని పందెంలో పెట్టినదాన్ని, ఎట్లా మానతాను? మూడో వారానికి మోకాలు కొంచెం దారికొచ్చింది. నేల మీద కూర్చుని, గోడ పట్టుకోకుండా లేచాను. కోడలు చూసి చప్పట్లు కొట్టింది. నా కొడుకు చూసి, లారీ తాళాలు తీసుకుని బయటికి పోయాడు.

అసలు సంగతి ఆసనాల్లో లేదు, ఆ తర్వాత ఉంది. అన్నీ అయ్యాక సారు అందర్నీ కళ్ళు మూసుకోమన్నాడు. "ఊపిరి లోపలికి పోతే ఒకటి, బయటికొస్తే రెండు. ఇరవై ఒకటి దాకా లెక్కపెట్టండి. లెక్క తప్పితే మళ్ళీ ఒకటి నుంచి."

మేం మేకల్ని లెక్కపెట్టం. మా అవ్వ, మా అత్త, ఎవరూ పెట్టలేదు. లెక్కపెడితే తరుగుతాయి. ఎన్ని ఉన్నాయని ఎవరన్నా అడిగితే "ఉండాయిలే" అంటాం. ఎండాకాలంలో మేకపిల్లల్ని లెక్కపెట్టిన మా మేనత్త మందలో వానాకాలానికి సగం మిగల్లేదు. అట్లాంటిది ఊపిర్లను లెక్కపెట్టమంటాడేంది ఈయన? మేకలు తరిగితే మళ్ళీ ఈనతాయి. ఊపిరి తరిగితే ఎక్కడ తెచ్చుకోవాలి?

అందుకని నేను లెక్కపెట్టలేదు. మంద తప్పిపోయిందో లేదో తెలుసుకోవడానికి మాకు వేరే పద్ధతి ఉంది. దొడ్డి వాకిట్లో నిలబడి, ఒక్కో మేకనూ ముఖం చూసి, పేరు అనుకుని లోపలికి పంపుతాం. ఏ ముఖం రాకపోతే ఆ మేక లేనట్టు. అదే చేశాను. ఊపిరి పీల్చి బొల్లి, వదిలి చుక్కి. పీల్చి కర్రి, వదిలి పుల్లి. తర్వాత జల్లి. ఇట్లా ఒక్కొక్కటీ నా కళ్ళ వెనకగా నడిచిపోయింది. చివరి మేక కూడా పోయాక తడిక మూస్తే ఒక నిమ్మళం ఉంటుంది. ఆ నిమ్మళం కల్యాణమండపంలో, ముప్పై మంది మధ్యలో, నాకు దొరికింది.

ఒకరోజు ఆ నిమ్మళంలోకి మా ఆయన వచ్చి కూర్చున్నాడు. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. మా కాపురంలో అంతసేపు ఇద్దరం నోరు మూసుకుని ఉన్నది అదే మొదలు. కళ్ళు తెరిస్తే, నీళ్ళు కారి రవిక తడిసి ఉంది. అందరూ చాపలు చుట్టుకుంటున్నారు. నేను ఎంతసేపు అట్లా ఉండిపోయానో నాకే తెలీలేదు.

సారు మాత్రం చూశాడు. "చూడండమ్మా, ఈ పెద్దామెను చూసి నేర్చుకోండి. రాయిలాగా కూర్చుంది" అన్నాడు. అప్పుడు మొదలైంది అల్లరి.

మొదటి రోజు రెండడుగులు జరిగినామెకు చింతపండు అంగడి ఉంది. మనిషి దబ్బపండు రంగు, మెడ నిండా బంగారం, కళ్ళ కింద నలుపు. ఏళ్ళ తరబడి నిద్ర పట్టదట. మెట్ల దగ్గర నన్ను పట్టుకుంది.

"పెద్దమ్మా, నీకు ఏదో మంత్రముండాది. పెదాలు కదలడం చూసినా. ఎవురిచ్చినారు?"

నా నోరు ఊరుకుంటుందా? "గురువిచ్చినాడు. తిప్ప మీద."

"నాకు చెప్పవా?"

"చెప్పకూడదమ్మా."

ఆమె నా చేయి వదల్లేదు. నాకు జాలేసింది, నవ్వూ వచ్చింది. రెండూ కలిసి వస్తే నేను ఆగలేను. చెవిలో చెప్పాను. "బొల్లీ, చుక్కీ, కర్రీ, పుల్లీ, జల్లీ. ఒక ఊపిరికి ఒకటి. అర్థం అడగబాకు."

నవ్వి పోతుందనుకున్నాను. రెండు చేతులూ కళ్ళకద్దుకుని పోయింది.

నాలుగు రోజులకు అరటిపండ్లతో వచ్చింది. "నిద్ర పట్టింది పెద్దమ్మా! తెల్లార్లూ!" అని నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ తర్వాత ఆమె తన తోడికోడలికి చెప్పింది, తోడికోడలు ఇంకొకామెకు చెప్పింది. మండలం ఆఖరి రోజుల్లో ముందు వరసంతా కళ్ళు మూసుకుని, బంగారు గాజులు మోకాళ్ళ మీద పెట్టుకుని, "బొల్లీ చుక్కీ" అని గొణుగుతుంటే నేను కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ ఆమె కళ్ళ కింద నలుపు తగ్గడం చూసి మూసుకున్నాను.

మండలం నిండింది. నా కొడుకు లారీ తీశాడు. అంగడామె కూడా తయారై వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

"నువ్వెందుకమ్మా ఈ ఎండలో?"

"మీ గురువున్న చోటు చూసి దండం పెట్టుకోని వస్తా."

ఒక పందెం చాలదన్నట్టు ఇదొకటి.

ఊళ్ళో మరిది మందను విడదీసి ఉంచాడు. నలభై రోజుల్లో మేకలు చిక్కిపోయాయి, లేదా నాకట్లా అనిపించింది. బేరగాడు కూడా ట్రాలీ ఆటో తెచ్చుకుని తిప్ప కింద నిలబడి ఉన్నాడు. వాణ్ణి చూసి నేను కర్ర తీసుకున్నాను.

ఎక్కాను. ఎక్కడం చక్కగా ఎక్కాను, ఊపిరి సరిగ్గా పీల్చి, సరిగ్గా వదిలి. పైనుంచి ఉదయగిరి దుర్గం కనబడింది. ఒక పూట మేపి దిగడం మొదలుపెట్టాను. సగం దారిలో, గుండ్రాళ్ళ దగ్గర, మోకాలు పట్టేసింది. పైకీ పోదు, కిందికీ పోదు.

కర్ర మీద వాలి నిలబడ్డాను. కింద నలుగురూ తల ఎత్తి చూస్తున్నారు. మేకలు నాకోసం ఎందుకాగుతాయి? ఒక్కొక్కటీ అవతలి వైపుకు, ఎవరో వేసిన కందిచేను వైపుకు జారుకుంటున్నాయి. అవి చేలో పడితే అంతా అయిపోయినట్టే. నడిచిపోయి తిప్పలేను. పేరు పెట్టి పిలిస్తే వస్తాయి. పిలిస్తే కింద అంగడామె వింటుంది.

ఊపిరి పీల్చాను.

"బొల్లీ! ఓ బొల్లీ! చుక్కీ! ఏయ్ కర్రీ, పుల్లీ, యాడికే పోతుండావు! జల్లీ, రావే ముండా!"

తిప్ప మోగింది. బొల్లి తల తిప్పింది. అది తిప్పితే అన్నీ తిప్పినట్టే. ఒక్కొక్కటీ నా చుట్టూ చేరాయి. నేను బొల్లి కొమ్ము పట్టుకున్నాను. అది దిగితే నేను దిగాను, అది ఆగితే నేను ఆగాను. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. కిందికి మాత్రం వచ్చాం.

అంగడామె కదలకుండా నిలబడి ఉంది. మెల్లగా దగ్గరికొచ్చింది.

"ఇదా బొల్లి?"

"ఇదేనమ్మా."

"ఇన్ని దినాలుగా దీన్ని తలుచుకోనా నేను నిద్రపోతుండేది?"

నేను తల వంచుకున్నాను. ఆ సందులో బొల్లి ఆమె పట్టుచీర కొంగు నోట పెట్టుకుని నమలడం మొదలుపెట్టింది.

"గురుదక్షిణ తీసుకుంటుండాదమ్మా" అన్నాను. నా నోరు చూశారా, అప్పుడు కూడా ఊరుకోలేదు.

ఆమె మొదట నన్ను చూసింది, తర్వాత మేకను చూసింది, తర్వాత కూలబడి నవ్వింది. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వి, "మా తోడికోడలికి మాత్రం చెప్పబాక పెద్దమ్మా. అదింకా రెండు నెలలు జపం చెయ్యనీ" అంది.

నా కొడుకు మాత్రం నవ్వలేదు. "నువ్వు ఆడ ఇరుక్కపోయినావు గదా మా?"

"ధ్యానం చేసినా."

"నీ కడుపున పుట్టినోణ్ణి మా, నేను. మేకలు దిగినాయి. నువ్వు దిగలా, బొల్లి దించింది."

నేను వంగి మోకాలు రుద్దుకున్నాను. వాడు నా మోకాలి వైపు చూశాడు. "తిప్ప ఎక్కబాక. కింద బీట్లో మేపుకో. ఇరవై ఉంచుకో. మిగతావి బేరానికొచ్చిన అన్నకిచ్చేద్దాం. నువ్వే ఏరుకో."

ఏరుకోవడం మొదలుపెట్టాను. బొల్లిని ఇటు పెట్టాను. దాని ఇద్దరు కూతుళ్ళు వెంట వచ్చాయి.

"మా, ఒకటి అంటే ఒకటి."

"తల్లినుంచుకోని బిడ్డల్నమ్ముతావా? నిన్నట్టా అమ్మినానా నేను?"

చుక్కిని పెట్టాను. దాని మనవరాలికి ఇంకా పాలు మానలేదు. కర్రి చూలుతో ఉంది. పుల్లి, కర్రి ఒక కడుపున పుట్టినవి, విడదీస్తే మేత ముట్టవు. జల్లికి కన్ను కనబడదు, దానికి దారి చూపేది చుక్కి చిన్న కూతురు. ఒక్కోదానికీ చుట్టరికం చెబుతూ పోయాను. అంగడామె నీడలో కూర్చుని, "అవును నాయనా, పాపం గదా" అని వంత పాడింది. బేరగాడు తాడు చేతిలో పట్టుకుని నిలబడే ఉన్నాడు.

అంతా అయ్యేసరికి వాడి వైపు నాలుగు మేకపోతులు మిగిలాయి.

"ఇవేనా అన్నా?" అన్నాడు బేరగాడు.

"ఇయ్యే. ఎక్కించుకో" అన్నాడు నా కొడుకు.

పోతులు మేం ఏటా అమ్మేవే. ఆ సంగతి నా కొడుక్కి తెలీక కాదు, వాడూ ఆ దొడ్లోనే పెరిగాడు. తాడు పట్టుకుని పోతుల్ని ట్రాలీ ఎక్కిస్తూ, నా వైపు చూడకుండా నవ్వుకున్నాడు.