గుక్కమ్మ మొదటి గిన్నె

మా వీధి చివరి సూప్ కొట్టులో వంట తమ్ముడిది, వడ్డన అక్కది. ఆ అక్కకి పేరు ఉండే ఉంటుంది గానీ మాకు మాత్రం గుక్కమ్మ. పక్క వీధి హోటల్లో కుళ్ళిన మాంసం బయటపడి, బయటి తిండి అంటేనే జనం మొహం చిట్లించుకునే రోజుల్లో వాళ్ళు కొట్టు తెరిచారు. ఎవరూ గడప తొక్కకపోతే ఆవిడే కిటికీ దగ్గర కూర్చుని, మొదటి గిన్నె అందరూ చూస్తుండగా తాగింది. అప్పటినుంచి అదే పద్ధతి. ఆవిడ గుటక వేస్తే తప్ప వరుస కదలదు. జ్వరం వచ్చిన రోజు కూడా దుప్పటి కప్పుకుని వచ్చి గుక్క తాగి వెళ్ళేది.

"ఆవిడ గొంతు దిగిందంటే మన గొంతుకి భయం లేదు" అనేవాడు దర్జీ. బుద్ధెరిగాక మాంసం ముట్టని మనిషి. ఆ కొట్టులో అమ్మే కూరగాయల సూప్ అంటే ప్రాణం పెట్టేవాడు. గుక్కమ్మకైతే ఏ పట్టింపూ లేదు, అన్నీ తింటుంది.

మొన్న వాన పడి జనం రాలేదు. ఎప్పుడూ అడుగంటా ఊడ్చుకుపోయే సూప్ సగం మిగిలింది. తెల్లారి గుక్కమ్మ మూత తీస్తే గడ్డకట్టి వణుకుతోంది. కూరగాయల నీళ్ళు అలా గడ్డకట్టవని పొయ్యి ముట్టించిన ఎవరికైనా తెలుసు. ఇదంతా తర్వాత ఆవిడే చెప్పింది.

"ఏరా, ఇందులో ఏం కలిపావు?"

తమ్ముడు ఉల్లిపాయలు తరుగుతూ తలెత్తలేదు. "ఎముకలు మరిగించిన నీళ్ళే కదక్కా. విషమేమన్నా కలిపానా? ఆ రుచి ఊరికే వచ్చిందనుకున్నావా?"

"బోర్డు మీద కూరగాయలని రాశావు కదరా!"

"మాంసం తింటావుగా, నీకేం పోయింది? నోరు మూసుకుని రోజూలాగే తాగు. కొట్టు మూతపడితే ఇద్దరం రోడ్డున పడతాం."

నోరు మూసుకుని ఎలా తాగాలో ఆ మహానుభావుడే చెప్పాలి.

మధ్యాహ్నం వరుస కట్టాం. నేను దర్జీ వెనకే ఉన్నాను. గుక్కమ్మ చెంచా ఎత్తింది, దించింది. మళ్ళీ ఎత్తింది. వెనకనుంచి తమ్ముడు నవ్వు తెచ్చిపెట్టుకుని, "వేడిగా ఉందా అక్కా?" అన్నాడు. "ఆకలితో చంపకు తల్లీ" అని ఎవరో కేక వేశారు. నాకెందుకో భయం వేసింది.

ఆవిడ గిన్నె పక్కకి నెట్టేసి దర్జీ వైపు తిరిగింది.

"అన్నా, నువ్వు తాగకు. ఇందులో ఎముకల నీళ్ళున్నాయి. మొదటినుంచీ ఉన్నాయట. నాకివాళే తెలిసింది."

ఎవరో తూ అని ఉమ్మారు. తమ్ముడు గరిటె విసిరికొట్టి, "కొంప ముంచావు కదే!" అని అరిచాడు. దర్జీ మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

"నువ్వు తాగావనే కదమ్మా ఇన్నాళ్ళూ నేను తాగింది?"

"నాకు తెలీదన్నా. ఒట్టు."

"తెలీనప్పుడు మా అందరి ముందూ కూర్చుని దేనికి తాగావమ్మా?"

దర్జీ వీధి కుళాయి దగ్గరికి వెళ్ళి పుక్కిలించడం మొదలుపెట్టాడు. వరుస చెదిరిపోయినా, తమ్ముడు తలుపులు వేసేసినా, పుక్కిలిస్తూనే ఉన్నాడు.